జమ్ములమ్మ మంచం దావా

ఆ పొద్దు దశరథం పటేలు వేసుకున్న పథకం చిన్నది. బీచుపల్లి వైపు నుంచి పొలాల తనిఖీకి గిర్దావరు వస్తున్నాడు. ఆయన పడుకోవడానికి కూలి మనిషి జమ్ములమ్మ ఇంటి నులక మంచం తెప్పించాలి. ఎప్పుడూ తెప్పించేదే.

ఈసారి జమ్ములమ్మ మంచం కోడు పట్టుకుని నిలబడింది.

"నీ కాల్మొక్త దొరా, నా బిడ్డ పచ్చి బాలింత. పోయిన వానలకు తేలు కుట్టి మనుమడు పాయె. ఈ పిల్లనన్న మంచం మీద పండవెట్టనియ్యి."

"సర్కారు మనిషి కింద పండాల్నా? ఇన్నేండ్లు ఇస్తివి గదనే, ఇప్పుడేమొచ్చింది?"

మంచం పోయింది. గిర్దావరు వెళ్లాక కూడా అది పటేలు వసారాలోనే ఉండిపోయింది. మళ్లీ ఎవరూ నోరెత్తకూడదని పటేలే అదాలతుకు వెళ్లి దావా వేశాడు. మున్సిఫు ఫైసలా ఇచ్చాడు: "కాదనకుండా ఒకసారి ఇచ్చినది మామూలు అవుతుంది. అడిగినప్పుడల్లా ఇవ్వవలసిందే."

పటేలు సంతోషం పట్టలేక ఊరంతా దండోరా వేయించాడు. ఊరు శ్రద్ధగా విన్నది.

మర్నాడు భీమన్న కడవలతో వచ్చాడు. "పటేలా, పోయిన ఎండకాలం మీ బాయిల నీళ్లు తోడుకోనిస్తిరి. ఇగ మామూలే గదా."

ఒకసారి అరువిచ్చిందేనంటూ గోవిందు పటేలు బండి తోలుకుపోయాడు. రేణుకమ్మ చల్లముంత పట్టుకుని వాకిట్లో కూర్చుంది.

"గిదేంది, ఇల్లు దోస్తుండ్రు!" అన్నాడు పటేలు.

"దండోర ఏపిచ్చింది నువ్వే గదయ్యా," అంది ఆయన భార్య తిరుపతమ్మ.

అంతలో గిర్దావరు మళ్లీ వచ్చాడు. నులక మంచాన్ని చూసి ముఖం చిట్లించాడు. "అరే పటేల్, దీంట్ల నల్లులున్నయంటే పోయినసారి నడిరాత్రి మీ టేకు మంచమే ఇస్తిరి. అదే ఏపియ్యిండ్రి. నులకది నా చప్రాసీకి."

వానకు వాగు పొంగి గిర్దావరు కదలలేదు. పటేలు నేల మీద పడుకున్నాడు.

"జమ్ములమ్మ మనుమరాలు పండుతలేదా కింద, నీకేమైతది?" అంది తిరుపతమ్మ.

ఆ వారంలోనే తేలు పటేలు బొటనవేలిని కుట్టింది. కేకకు గిర్దావరు ఉలిక్కిపడి లేచి, అటు తిరిగి పడుకున్నాడు.

వాగు తగ్గగానే పటేలు కుంటుకుంటూ వకీలు నర్సింహులు దగ్గరికి వెళ్లాడు.

"గెల్చిన ఫైసలా మీద మళ్ల దావా ఏంది పటేలా?"

"దయతోటి ఇచ్చినది హక్కెట్లైతది సాబ్? ఇంట్ల మనిషి కింద పండాల్నా? జర నాయం జూడుండ్రి."

అదాలతులోనూ ఇవే మాటలు చెప్పాడు. మున్సిఫు తలెత్తాడు. ఈ మాటలు ఆయన వినడం ఇది రెండోసారి. మొదటి దావాలో ఇక్కడే నిలబడి చెప్పింది జమ్ములమ్మ.

"నులక మంచానికి కూడా ఇదే న్యాయమా?"

పటేలు బొటనవేలు సలిపింది. "ఏ మంచానికైనా ఒక్కటే సాబ్."

"ఇచ్చినవారు వద్దంటే ఇవ్వనక్కరలేదు. మునుపటి ఫైసలా రద్దు" అని తీర్పు వచ్చింది. కొన్నాళ్లకు పై కచేరీ నుంచి హుకుం కూడా దిగింది: తనిఖీకి వెళ్లేవారు ఎవరి పక్క వారే తెచ్చుకోవాలి.

ఈసారి పటేలు దండోరా వేయించలేదు. అయినా తీర్పు వచ్చిన సాయంత్రమే భీమన్న, గోవిందు వసారాలోంచి నులక మంచం మోసుకెళ్లారు. జమ్ములమ్మ నులక బిగించి పసిదాన్ని పడుకోబెట్టింది. కాసేపు మంచం కింద చెయ్యి పెట్టి, నేలకు ఎంత ఎత్తున ఉందో తడిమి చూసింది.

రెండు దావాలూ పటేలే గెలిచాడు.