జీపుకు ఎదురునీళ్లు

ఆ ఆదివారం కొత్తగూడెంలో ఇంకా తెల్లారకముందే కళావతికీ, ఆమె అత్త భీమక్కకూ వేపపుల్లల దగ్గర గొడవ మొదలైంది. కాకినాడలో ఉండేది ఒక్క రాత్రి. భీమక్క మాత్రం ఆకులైనా దూయని వేపకొమ్మల మోపు ఒకటి కట్టి గుమ్మంలో పెట్టింది.

"పొద్దుగాల పళ్లు తోముకునేటందుకు గింత మోపా అత్తమ్మా? కాకినాడల వేపచెట్లు ఉండవా?"

"ఉన్నయో లేవో నువ్వు చూసొచ్చినవా?"

కళావతి చూడలేదు. అసలు సముద్రమే చూడలేదు. డిగ్రీలో జువాలజీ చదివేటప్పుడు క్లాసంతా కాకినాడ టూరుకు వెళ్తే ఆమె ఇంట్లో పెళ్లిచూపులకు కూర్చుంది. మడ అడవుల్లో నీటికుక్కలు చేపలు పట్టడం, బురదనేల మీద పిట్టలు గుంపులుగా వాలడం స్నేహితురాళ్లు వచ్చి చెప్తే విన్నదే. నాటి పెళ్లిచూపులకు వచ్చిన నాగరాజు గనిలో సెలవు దొరికించుకుని ఇన్నేళ్లకు తీసుకెళ్తున్నాడు. మడ అడవుల గుండా సముద్రం దాకా వెళ్లే మధ్యాహ్నం మూడింటి పడవ తప్పితే మళ్లీ వారం దాకా పడవలు లేవని పడవవాళ్లు ఫోనులో గట్టిగా చెప్పారు. వారం తర్వాత నాగరాజుకు సెలవు లేదు.

అందుకని కళావతి మోపు విషయంలో తగ్గింది. మోపు జీపు పైకెక్కింది. సముద్రస్నానానికని భీమక్క రాత్రి ఉతికిన పసుపుపచ్చ చీర ఇంకా తడిగానే ఉంది. దారిలో ఆరుతుందని కిరాయి జీపు డ్రైవరు మన్సూర్ దాన్ని పైన కమ్మీకి కట్టాడు. తలంటుకున్న జుట్టు కూడా ఆరలేదు కాబట్టి భీమక్క దాన్ని విరబోసుకుని ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. బండెక్కితే ఆమెకు కడుపులో తిప్పుతుంది. వాసన చూడటానికి చేతికొక నిమ్మకాయ పట్టుకుంది. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు ఎప్పుడూ ఉండేదే.

ఇవన్నీ విడివిడిగా చూస్తే ఏమీ లేదు. పామాయిల్ తోటల మధ్య మొదటి ఊరివాళ్లు అన్నింటినీ ఒక్కసారే చూశారు. అమ్మవారి బండి ఊళ్లోకి వస్తే ఎదురెళ్లి నీళ్లు పోయడం అక్కడి ఆనవాయితీ. బోరింగు దగ్గర బిందెలు నింపుకుంటున్న ఆడవాళ్లు పరుగున వచ్చి జీపు చక్రాల ముందు నీళ్లు కుమ్మరించారు. మన్సూర్ బ్రేకు వేశాడు. ఆ కుదుపుకు వాంతి వచ్చినట్టై భీమక్క కళ్లు మూసుకుని తల అటూ ఇటూ ఊపింది.

"అమ్మ ఊగుతున్నది!" అని కేక లేచింది.

ఒక ముసలామె కిటికీ పట్టుకుంది. "మా బర్రె తప్పిపోయింది తల్లీ. ఎటు పోయిందో చెప్పు."

భీమక్క కళ్లు తెరవకుండానే ఎడమచేత్తో విసురుగా తోసింది. "అటు జరుగుండ్రి. గాలి రానియ్యుండ్రి."

జనం ఎడమవైపు పరుగెత్తారు. జీపు రెండు మలుపులు తిరిగేసరికి మోటారుసైకిలు మీద ఒకతను వచ్చి అడ్డం పెట్టాడు. బర్రె దొరికింది. ఊరికి ఎడమపక్కనే చెరువు, గడ్డి అన్నీ ఉన్నాయి కాబట్టి అది వేరే ఎటూ పోయే అవకాశం లేదు. అయినా కాళ్లు కట్టిన రెండు కోళ్లు కళావతి ఒళ్లో పడ్డాయి.

"పిట్టల్ని చూస్తనంటివి గదా," అన్నాడు నాగరాజు వెనక్కి తిరిగి. కళావతి కోళ్లకంటే కోపంగా చూసింది.

అప్పుడప్పుడే ఊళ్లకు సెల్‌ఫోన్లు వస్తున్న రోజులవి. జీపుకంటే ముందు బర్రె వార్త వెళ్లింది. తరువాతి ఊళ్లో డప్పులు సిద్ధంగా ఉన్నాయి. ఆ పై ఊళ్లో డప్పులతో పాటు మేకపిల్ల కూడా సిద్ధంగా ఉంది. చీర విప్పేద్దామని నాగరాజు బండెక్కితే నలుగురు కాళ్లు పట్టి దించారు.

"అమ్మ చీర మీద మొగోడు చెయ్యేస్తడా? బుద్ధుండాలె!"

"గది మా అమ్మ చీరనే!"

"మరి మా అమ్మది గాదా?"

కళావతి కిందికి దిగి అందరికీ విడమరిచి చెప్పింది. ఇది అత్తమ్మ చీర, అవి పళ్లు తోముకునే కొమ్మలు, నిమ్మకాయ వాంతులకు. జనం చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నారు. అంతా విన్నాక ఒక పెద్దాయన తల ఆడించాడు. "అమ్మ గిట్లనే పరీక్ష పెడతది."

మన్సూర్ మెడలో బంతిపూల దండ పడింది.

"నేను ముసల్మానునన్నా," అన్నాడతను ఇబ్బందిగా.

"అయితే ఏంది తమ్మీ? బండి మంచిగ తోల్తున్నవు గదా."

అశ్వారావుపేట చేరేసరికి పది కావస్తోంది. రోడ్డుకు అడ్డంగా ట్రాక్టర్లు నిలబెట్టి, పక్కనే పందిరి వేస్తున్నారు. ఊరి పెద్ద వెంకటనారాయణ చేతులు జోడించి, అమ్మ ఈ పూట ఇక్కడే ఉండాలన్నాడు. రాత్రికి బోనాలట. నాగరాజు బతిమాలాడు. మన్సూర్ హారను కొట్టాడు. దాన్ని కూడా డప్పుల్లో కలుపుకున్నారు.

కళావతి గడియారం చూసుకుంది. ఇప్పుడు కదలకపోతే పడవ లేదు. ఒళ్లో కోళ్లు, పక్కన తన కొంగు నములుతున్న మేకపిల్ల. ఆమె ముఖం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

భీమక్క అప్పటికి మూడో కొబ్బరిబొండం తాగుతోంది. కడుపు నెమ్మదించింది. అద్దంలో కోడలిని చూసింది. బొండం మన్సూర్ చేతికిచ్చి, జీపు అంచు మీద లేచి నిలబడింది. డప్పులు ఆగిపోయాయి.

"మా కోడలు సముద్రం చూడాలె!" అంది. "మూడింటికి పడవ పోతది. అడ్డమొచ్చినోడు ఎవడు? ఆ ట్రాక్టరెవనిది? తియ్యి!"

అది పూనకం గొంతు కాదు. కూరలో ఉప్పెక్కువైతే ఇంట్లో రోజూ వినిపించే గొంతే. కానీ అంత అధికారంగా మాట్లాడే మనిషిని అశ్వారావుపేట అంతకుముందు చూసినట్టు లేదు. ట్రాక్టర్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పక్కకు జరిగాయి. కోళ్లనూ, మేకపిల్లనూ వెంకటనారాయణకే అప్పగించారు. పది మోటారుసైకిళ్లు ముందు పరుగెడుతూ, "అమ్మ సముద్రానికి పోతున్నది, ఆపకుండ్రి!" అని జిల్లా దాటేదాకా అరుచుకుంటూ పోయాయి. పసుపుచీర జెండాలా రెపరెపలాడింది. రాజమండ్రి వంతెన మీద మన్సూర్ కూనిరాగం తీశాడు. కళావతి ఎందుకో ఆపుకోలేక నవ్వింది. ఆమెను చూసి భీమక్క, భీమక్కను చూసి నాగరాజు నవ్వారు.

పడవవాడు తాడు విప్పుతుండగా వాళ్లు పరుగున వచ్చి ఎక్కారు. పాయ మలుపులో మూడు నీటికుక్కలు బురదలో పొర్లి, ఒకదాని నోట్లో చేపను ఇంకొకటి లాక్కుని మునిగాయి. కళావతి భర్త భుజం మీద గట్టిగా చరిచింది. పాయ దాటాక ఒక్కసారిగా ఎదురుగా సముద్రం. బురదతిన్నె మీది పిట్టలన్నీ లేచి, ఆకాశంలో ఒక్క మడత తిరిగి, మళ్లీ వాలాయి. ఆమె పడవ అంచు పట్టుకుని లేచి నిలబడింది.

"గిన్ని నీళ్లా!" అంది భీమక్క. "ఎవరు పోసిండ్రో!"

రాత్రి లాడ్జి పక్క మెస్సులో నలుగురూ భోజనానికి కూర్చున్నారు. భీమక్క చారన్నం కలుపుతూ తన నిర్ణయం ప్రకటించింది.

"రేపు నేను జీపెక్క. నా కడుపు ఆగదు. నేనూ కోడలూ ఖమ్మం దాకా రైల్ల పోతం. మీరిద్దరు బండి తీసుకొని రాండ్రి."

కళావతి వెంటనే తల ఊపింది. మన్సూర్ ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేశాడు.

"వెంకటనారాయణ పటేలు ఇందాక ఫోన్ చేసిండు సార్. పందిరి తియ్యలేదంట. అన్ని ఊళ్లల్ల ఎదురు చూస్తున్నరంట. ముందు సీటు ఖాళీగుంటే మనల్ని పోనిస్తరా?"

ముగ్గురూ నాగరాజు వైపు చూశారు.

నాగరాజు పెరుగు వడ్డించుకుని, చీరైతే కట్టుకుంటాను గానీ మీసం మాత్రం తీయనని చెప్పాడు.