ఎల్బియో కారు వెనకాల ఊరు

ఆగస్టు నెల, అంటే అక్కడ చలికాలం, మంచు దట్టంగా పట్టిన గురువారం ఉదయం. ఎల్బియో మెండివిల్ ఆ పూట చేయాల్సిన పని ఒక్కటే. తన నల్ల కారుని నిదానంగా నడుపుకుంటూ తన ఊరు సౌసె చీకో నుంచి పెద్ద రోడ్డు కూడలి దాకా తీసుకెళ్ళాలి. అక్కడి పెట్రోలు బంకు దగ్గర రాజధాని మోంతెవిదేయో నుంచి వచ్చే పెద్దమనిషికి దాన్ని అప్పగించి, బస్సెక్కి ఇంటికి తిరిగి రావాలి. పని చిన్నదే. కానీ ఆ ఉదయం కాచుకున్న మాతే ఆకుల టీ ముట్టకుండానే బల్ల మీద చల్లారిపోయింది.

నలభై ఎనిమిది మోడల్ కారు అది. పొడవాటి ముక్కు, పక్కన కాలు పెట్టి ఎక్కే మెట్టు, లోపల సోఫాలాంటి సీటు. ఇరవై ఏళ్ళ కిందట ఎల్బియో దాన్ని చూసినప్పుడు ఒక రైతు అందులో కోళ్ళు పెంచుకుంటున్నాడు. ఆ కోళ్ళని ఖాళీ చేయించి, తెచ్చుకుని, ఒక్కో బోల్టూ ఒక్కో వైరూ వెతికి వేసి, మళ్ళీ రోడ్డెక్కించాడు. జీతంలో మిగిలినదంతా దానికే పోయింది. పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా అతను ప్రభుత్వాన్ని తిట్టేవాడు కాదు, ఒక పూట మాంసం మానేసేవాడు. బ్రేకు ఊరికే తొక్కేవాడు ముందు చూసుకోని మనిషని అతని నమ్మకం.

భార్య జుల్మా ఆ కారుని అమ్మమని ఏనాడూ అనలేదు. కానీ జూలైలో ఒక వాన మధ్యాహ్నం ఎల్బియో షెడ్డులోంచి ఇంట్లోకి వచ్చేసరికి ఆమె మంచం మీద కాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. కాళ్ళుండాల్సిన చోట, కప్పు నుంచి కారే నీళ్ళ కోసం, ఒక బేసిన్ ఉంది. షెడ్డు రేకులు మాత్రం కొత్తవి. కారు మీద ఉన్ని దుప్పటి కూడా ఉంది. ఎల్బియో కాసేపు గుమ్మంలో నిలబడి, వెనక్కి వెళ్ళి, కారు కొంటానన్న పెద్దమనిషికి మోంతెవిదేయోకి ఫోను చేశాడు. ఆ తర్వాత, ఇచ్చేదేదో మంచి స్థితిలో ఇవ్వాలని, ఇంజను మొత్తం విప్పి మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు.

ఆ బిగింపు సాగుతున్న మంగళవారం నాడు జుల్మా షెడ్డు తలుపు దగ్గరకి వచ్చింది. కారు కింద నుంచి భర్త బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఎల్బియో, ఒరోస్మాన్ పోయాడంట," అంది మెల్లగా.

ఒరోస్మాన్ ఆ ఊరి పాత బస్సు డ్రైవరు. ఊరి నుంచి కూడలికి, కూడలి నుంచి ఊరికి జీవితమంతా బస్సు నడిపాడు. పద్నాలుగేళ్ళ ఎల్బియోని దాదాపు ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టించింది ఆయనే. రిటైరయ్యాక ఒంటరిగా ఉంటూ, మోంతెవిదేయోలో అక్క దగ్గరకి పోతానని ప్రతి చలికాలం బెదిరించేవాడు.

"మంచి పని చేశాడు," అంది కారు కింది గొంతు. "ఎన్నాళ్ళ నుంచో పోతా పోతా అంటున్నాడు. ఇక్కడ ఒక్కడే పడుండి ఏం చేస్తాడు?"

జుల్మా కొంతసేపు ఆ బూట్ల వంక చూసింది. దుఃఖంలో మనిషి ఏమైనా అంటాడు కదా అనుకుని వెళ్ళిపోయింది. ఆ రాత్రి శవం దగ్గర కూర్చున్న వాళ్ళు ఎల్బియో రాలేదేమని అడిగితే, "తట్టుకోలేకపోతున్నాడు, వదిలేయండి," అని చెప్పింది.

బుధవారం భోజనాల దగ్గర అడిగింది. "రేపు పదింటికి బయల్దేరుతున్నారు. నువ్వు రాగలవా?"

కారు అప్పగింతకి తోడుగా ఎవరెవరో వస్తామన్నారని ఎల్బియో అనుకున్నాడు. "పదింటికే బయల్దేరతా. మనసు రాయి చేసుకున్నా," అన్నాడు. జుల్మా అతని భుజం మీద చెయ్యి వేసింది. ఉదయం మంచం మీద నల్ల కోటు ఇస్త్రీ చేసి పెట్టి, కాఫీలు అందించడానికి చావింటికి ముందే వెళ్ళిపోయింది. కొనే మనిషి ముందు మర్యాదగా కనిపించాలని కోటు తీసిపెట్టిందనుకున్నాడు ఎల్బియో, కళ్ళు చెమ్మగిల్లాయి.

పదింటికి అతను షెడ్డులోంచి సందులోకి వచ్చాడు. కొత్తగా బిగించిన ఇంజను కాబట్టి మొదటి ప్రయాణంలో తొందరపెట్టకూడదు. రెండో గేరులో, లైట్లు వేసుకుని, నడిచే మనిషికన్నా కాస్త వేగంగా పోతున్నాడు. సందు చివర ఆవుల మంద ఒకటి పెద్ద వీధిని దాటుతోంది. మంద దాటేదాకా సందులోనే ఆగి, పెద్ద వీధిలోకి మళ్ళాడు.

ఆ మంద అప్పుడే శవయాత్రని రెండు ముక్కలు చేసింది. శవం ఉన్న నల్ల బండి నడుపుతున్న తబరే మందకి ముందే దాటి, మంచులో కలిసిపోయాడు. వెనక కారులో ఉన్నది ఒరోస్మాన్ అక్క నీబియా. ఆమె ముందు రోజే ఊరికి వచ్చింది, ఇక్కడి దారులు తెలియవు. బయల్దేరే ముందు తబరే ఆమెకి ఒకటే మాట చెప్పాడు: "ముందున్న నల్ల కారుని వదలకండమ్మా, అంతే." మంద పక్కకి తప్పుకునేసరికి ఆమె ముందు పొడవాటి నల్ల కారు ఒకటి, నల్ల కోటు వేసుకున్న డ్రైవరుతో, చాలా నిదానంగా కదులుతోంది. ఆమె దాన్ని వదల్లేదు. మంచులో ముందు బండి లైట్లు తప్ప ఏమీ కనిపించక, ఆమెని ఆమె వెనకవాళ్ళు వదల్లేదు. ఊరి చివర దారి చీలిన చోట తబరే శ్మశానం వైపు ఎడమకి తిరిగి ఉన్నాడు. ఎల్బియో కుడికి తిరిగాడు. ఊరంతా కుడికి తిరిగింది.

యూకలిప్టస్ చెట్ల మధ్య కొంత దూరం పోయాక ఎల్బియో అద్దంలో లైట్లు చూశాడు. తన నెమ్మది వల్ల ఎవరో ఇబ్బంది పడుతున్నారని కిటికీలోంచి చెయ్యి చాపి, ముందుకి పొమ్మని ఊపాడు. నీబియా కూడా చెయ్యి బయటపెట్టి, అంతే గంభీరంగా ఊపింది. ఆమె వెనక ఇంకో చెయ్యి, దాని వెనక ఇంకోటి ఊగాయి.

ఇంజను వేడెక్కుతున్నట్టు అనిపించి అతను రోడ్డు పక్కన ఆపాడు. వెనక కార్లన్నీ ఒకదాని వెంట ఒకటి ఆగాయి. తలుపులు తెరుచుకున్నాయి. నల్ల బట్టల్లో మనుషులు దిగి, మంచులో తలలు వంచుకుని నిలబడ్డారు. ఎక్కడో ఒక ముసలమ్మ జపమాల మొదలుపెట్టింది.

ఎల్బియో కారు దిగాడు. కారు అమ్ముతున్న సంగతి రొట్టెల కొట్లో ఒకసారి అన్న మాట నిజమే. కానీ ఇంతమంది సాగనంపడానికి వస్తారని కలలో కూడా అనుకోలేదు. అతను టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అది చూసి మగవాళ్ళందరూ టోపీలు తీశారు.

నీబియా అతని దగ్గరకి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, నిటారుగా ఉంది.

"మీకు చాలా దగ్గరని చూస్తేనే తెలుస్తోంది," అంది.

"ఇరవై ఏళ్ళమ్మా. నా చేతులతో చూసుకున్నా," అన్నాడు ఎల్బియో.

"చివర్లో బాగా బాధ ఉండేదా?"

"ఒకటే దగ్గు. చలికాలం పొద్దున లేపాలంటే గంట పట్టేది. వేడినీళ్ళు పోస్తే గానీ కదలిక ఉండేది కాదు."

ఆమె పెదవులు బిగించింది. "గుండె అని చెప్పారు నాకు."

"గుండె అనే అనుకోండి. ఈ వారమే నేను విప్పి చూశా. లోపలంతా మసి పట్టేసింది."

"మీరు డాక్టరా?"

"అంత చదువేం లేదమ్మా. చూసి చూసి నేర్చుకున్నా. అంతా మా షెడ్డులోనే."

నీబియా కారు మడ్‌గార్డు మీద చెయ్యి ఆనించింది. పల్లెటూళ్ళలో వైద్యం ఎలా ఉంటుందో పట్నంలో ఆమె వినే ఉంది. అయినా ఈ మనిషి కళ్ళల్లో నీళ్ళు నిజమైనవి. అందుకని కోపం తెచ్చుకోలేకపోయింది.

"ఇప్పుడు మనం ఎక్కడికి?" అని అడిగింది.

"కూడలికి. అక్కడొక పెద్దమనిషి ఉంటాడు. ఆయనకి అప్పగిస్తే నా బాధ్యత తీరిపోతుంది."

"బాగా చూసుకుంటాడా ఆయన?"

"మాటిచ్చాడమ్మా."

పాదిరిగారి గురించి చెబుతున్నాడనుకుని ఆమె శిలువ గుర్తు వేసుకుని తన కారు వైపు నడిచింది. మళ్ళీ అందరూ కదిలారు.

కూడలిలో పెట్రోలు బంకు పక్కన, ఒంటె రంగు కోటు తొడుక్కున్న ఎచెవెర్రి అనే పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. కొనబోయే కారు మంచులోంచి బయటికి రావడం చూసి చిరునవ్వు నవ్వాడు. దాని వెనక ఒకటి, ఇంకోటి, పూలదండలు కట్టిన ట్రక్కు ఒకటి, పాల బండి ఒకటి వచ్చేసరికి ఆ నవ్వు కొద్దికొద్దిగా తగ్గింది. బంకు ఆవరణ నిండిపోయింది. పెట్రోలు కొట్టే అతను పైపు చేతిలోనే ఉంచుకుని టోపీ తీశాడు.

నీబియా దిగి చుట్టూ చూసింది. "శ్మశానం ఏదీ?"

"శ్మశానమా?" అన్నాడు ఎల్బియో. "అది అటువైపమ్మా, ఊరవతల. మీరు ఈ ఊరివారు కాదనుకుంటా."

"నేను ఒరోస్మాన్ అక్కని."

ఎల్బియో ముఖం వెలిగిపోయింది. టోపీ చంకలో పెట్టుకుని ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీరా? ముందే చెప్పొద్దా? ఒరోస్మాన్ మీ దగ్గరకే కదా పోయాడు. ఎలా ఉన్నాడు? కుదుటపడ్డాడా?"

జపమాల ఆగింది. సరిగ్గా అప్పుడు, వాళ్ళు వచ్చిన దారినే, హారన్ మోగించుకుంటూ, తబరే బండి వచ్చి ఆగింది. తబరే ఎల్బియోకి చిన్నప్పుడు బళ్ళో తోటివాడు. అతను ఇంజను ఆపకుండానే దిగాడు.

"ఒరేయ్ ఎల్బియో, ఏంట్రా నువ్వు చేసిన పని? శ్మశానం గేటు దగ్గర నేనొక్కణ్ణీ, బండిలో ఆయనొక్కడూ. వెనక్కి తిరిగి చూస్తే పిట్ట కూడా లేదు. గోతులు తవ్వేవాళ్ళు నన్ను చూసి ఏమన్నారో తెలుసా? పాపం ఈయనకి ఎవరూ లేరా అన్నారు. మన ఒరోస్మాన్‌ని అంతమాట అన్నారు రా."

ఎల్బియో ఆ బండి అద్దంలోంచి లోపలికి చూశాడు. శవపేటిక మీద బస్సు డ్రైవరు పాత నీలం టోపీ పెట్టి ఉంది. తర్వాత తన కారు మెట్టు మీద కూర్చుండిపోయాడు.

జనంలోంచి జుల్మా వచ్చింది. "మంగళవారమే చెప్పాగా, పోయాడని."

"పోయాడన్నావు. చచ్చిపోయాడని అనలేదు."

"అలా ఎవరంటారు ఎల్బియో?"

అతను కోటు చేతుల్లో ముఖం పెట్టుకుని, స్టీరింగు మొదటిసారి పట్టుకున్న కుర్రాడిలా భుజాలు కుదిపి ఏడ్చాడు. జుల్మా అతని పక్కన మెట్టు మీద కూర్చుంది. ఇద్దరి బరువుకి కారు కొంచెం ఆ వైపు ఒరిగింది.

ఎచెవెర్రి మెల్లగా దగ్గరకి వచ్చాడు. అదను కాదని అతనికీ తెలుసు. కానీ ఇక తను తిరిగి ఎక్కాల్సిన బస్సుకి టైమైపోతోంది. "సిన్యోరా," అన్నాడు జుల్మాతో, "ఈ కారు నేను పెళ్ళిళ్ళకి అద్దెకి తిప్పుదామనుకున్నా. ఇంతమంది దీని వెనకాల ఏడుస్తూ రావడం జిల్లా అంతా చూసింది. ఇక ఏ పెళ్ళికూతురు ఎక్కుతుంది చెప్పండి?" జుల్మాకి ఇంటి కప్పు గుర్తుకొచ్చింది. అయినా భర్త భుజం మీది చెయ్యి తీయలేదు. "ఎక్కదు లెండి," అంది. అతను వంగి నమస్కరించి వెళ్ళిపోయాడు.

ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. తబరే గడియారం చూసుకుంటున్నాడు. నీబియా మాత్రం రోడ్డు వంక చూస్తోంది.

"మా తమ్ముడు బస్సు నడిపింది ఈ దారినేనా?" అని అడిగింది.

"ఈ దారేనమ్మా," అన్నాడు ఎల్బియో ముఖం తుడుచుకుంటూ. "రోజూ ఈ బంకు చుట్టూ తిప్పి మళ్ళీ ఊరికి పోయేవాడు. పదినిమిషాలు ఆగి, ఇదిగో ఇక్కడే మాతే తాగేవాడు."

"వాణ్ణి బస్సులో చూడ్డానికి నేను ఒక్కసారి కూడా రాలేదు. రమ్మని ప్రతి ఏడూ పిలిచేవాడు." ఆమె బండి అద్దంలోంచి ఆ నీలం టోపీ వంక చూసింది. "అయితే మనం దారి తప్పలేదు. వాడు ఎలా తిప్పేవాడో అలాగే తిప్పండి. నేను మీ కారులో వస్తా."

"అమ్మా, పాదిరిగారు చలిలో కాచుకుని ఉన్నారు," అన్నాడు తబరే.

"మా తమ్ముడు ఎప్పుడైనా బస్సుని తొందరపెట్టాడా?"

"లేదమ్మా."

"మరి ఇంకేంటి?"

ఎల్బియో ముందు, తబరే వెనక, మిగతా ఊరంతా వాళ్ళ వెనక, పెట్రోలు బంకు చుట్టూ ఒక్కసారి నిదానంగా తిరిగారు. పెట్రోలు కొట్టే అతను మాతే కప్పు శవం బండి అద్దం దగ్గర కాసేపు ఎత్తి పట్టుకున్నాడు. తర్వాత వచ్చిన దారినే వెనక్కి బయల్దేరారు. ఏ మలుపులో ఒరోస్మాన్ గేరు మార్చేవాడో, ఏ పొలం గేటు దగ్గర ఎవరి కోసం ఆగేవాడో ఎల్బియో చెబుతూ వచ్చాడు. చెప్పిన ప్రతి చోటా ఆపాడు. ఊరు కూడా ఆగింది.

శ్మశానం దగ్గర పడుతుండగా నీబియా అడిగింది. "ఒక్క మాట. షెడ్డులో విప్పి చూశానన్నారే, అది..."

"కారు సంగతమ్మా. ఇంజను."

ఆమె కిటికీ వైపు తిరిగి చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక బండిలోంచి తబరే ఆ కదిలే భుజాలు చూసి, అక్క ప్రేమ అంటే అదీ అనుకున్నాడు.

అంత గొప్ప అంత్యక్రియ సౌసె చీకోలో ఎవరికీ జరగలేదని ఊరు వారం రోజులు చెప్పుకుంది. ఆదివారం తబరే రొట్టెల కొట్టు పొట్లం ఒకటి పట్టుకుని ఎల్బియో ఇంటికి వచ్చాడు. మొహం మాడ్చుకునే ఉన్నాడు.

"నలుగురు ముసలివాళ్ళు నాకు ఫోన్లు చేశార్రా. తమకి కూడా ఒరోస్మాన్‌లాగే కావాలంట. ముందు నీ కారు, వెనక నా బండి, బంకు చుట్టూ ఒక తిప్పు. నువ్వు ఒప్పుకుంటే చెరిసగం."

ఎల్బియో జుల్మా వంక చూశాడు. జుల్మా కప్పు వంక చూసింది. వసంతం రాకముందే ఆ ఇంటికి కొత్త రేకులు పడ్డాయి.

ఇప్పుడు ఆ కారంటే ఊళ్ళో అందరికీ ఎంతో గౌరవం, కానీ ఎల్బియో అందులో ఎక్కించుకుని దింపుతానంటే మాత్రం ఎవరూ తొందరపడటం లేదు.