గేటుకు ఓడల రంగు

ఆదివారం పొద్దున లోకనాథ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కాఫీ తాగాలి, పశువుల కొట్టం ఇనుప గేటుకు పట్టిన తుప్పు గీకాలి, రంగు వేయాలి, మధ్యాహ్నం భోంచేసి పడుకోవాలి. వీటిలో మొదటిదీ చివరిదీ అతనికి బాగా వచ్చిన పనులు.

ఈ ఆదివారమే రంగు వేయాల్సిన తొందరకు కారణం ఉంది. పెద్దపంజాణి దగ్గరి ఆ పల్లెలో పాల సెంటర్ లేదు. లోకనాథ్ భార్య యమున రోజూ చీకటితోనే క్యాన్లు స్కూటీకి కట్టుకుని, గుంతల రోడ్డులో పక్క ఊరికి పోయి పాలు పోసి రావాలి. ఆ సెంటర్ ఏదో తన కొట్టంలోనే పెట్టించుకోవాలని డెయిరీ వాళ్ళ చుట్టూ తిరిగి తిరిగి ఒప్పించింది. అయితే పోయినసారి చూడడానికి వచ్చిన సూపర్‌వైజర్ రాజేంద్ర గేటు పట్టుకుంటే అరచేతికి తుప్పంతా అంటింది. లోపల అడుగు పెడితే ముఖం నిండా ఈగలు ముసిరాయి. "తుప్పు, ఈగలు ఉన్నచోట సెంటర్ ఇవ్వలేమమ్మా. సోమవారం మళ్ళీ వస్తా. అదే ఆఖరు" అని చెప్పి పోయాడు.

"ఈసారి గాని పోయిందంటే ఆవుల్ని అమ్మేస్తా సూడు" అంది యమున. అన్నంత పనీ చేసే మనిషి.

లోకనాథ్ మదనపల్లెలో ఒక ఆఫీసులో గుమాస్తా. ఎవరేం చెప్పినా "సరే" అంటాడు. కాదనడం ఎవరూ నేర్పలేదు పాపం. ఇనుముకు ఏం పూస్తే తుప్పు రాదని కనిపించినవాళ్ళనల్లా అడిగాడు. పుంగనూరు పెయింటు అంగడాయన రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ అన్నాడు. సరే అన్నాడు. తండ్రి శంకరప్ప, "ప్రైమరూ లేదు గీమరూ లేదు. ట్రాక్టర్లో తీసిన పాత ఇంజనాయిలు పూయాల. దుక్కి దున్నే మా మడక కర్రుకు యావజ్జీవం పూసింది అదే" అన్నాడు. దానికీ సరే. కుప్పంలో ఉండే యమున అన్న జయచంద్ర ఫోన్లో, "నువ్వేం కొనొద్దప్పా. ఓడలకేసే రంగు తెస్తాండాను" అన్నాడు. దానికి రెండు సార్లు సరే అన్నాడు.

ఆదివారం తుప్పు గీకి, ప్రైమర్ కోసం లోకనాథ్ పుంగనూరు పోయాడు. కొడుకు సరే అన్నాడు కదా అని శంకరప్ప ఈలోపల గుడ్డపీలిక తీసుకుని గేటంతా ఇంజనాయిలు పట్టించి, చేను చూసుకోవడానికి వెళ్ళిపోయాడు. లోకనాథ్ తిరిగొచ్చేసరికి గేటు నల్లగా నిగనిగలాడుతోంది. ఇదేమిటని యమునను అడుగుదామనుకున్నాడు. అడిగితే "ఇంకా కాలేదా?" అంటుందని ఊరుకున్నాడు. ప్రైమర్ పూస్తుంటే కుంచె ఒకచోట పెడితే ఇంకోచోటికి జారింది. ఖరీదైన ప్రైమర్ ఇట్లాగే ఉంటుంది కాబోలు అనుకుని కానిచ్చేశాడు.

అంతలో జయచంద్ర ఒక పెద్ద డబ్బా, ఒక చిన్న డబ్బాతో దిగాడు. చేనినుంచి వచ్చిన శంకరప్ప ఆ డబ్బాల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఓడల రంగా? మన పంజాణికి సముద్రం యాడుండాదప్పా?"

"సముద్రానికే తట్టుకునేది మీ ఆవు ఉచ్చకు తట్టుకోదా మామా?" అన్నాడు జయచంద్ర. ఈలోపు అతని ఫోను మోగింది. "నేను వి.కోట పోవాల. ఎట్లెయ్యాలో డబ్బా మీదే రాసుండాది, సదువుకో బావా!"

"సరే" అన్నాడు లోకనాథ్. చదవలేదు. సబ్బు కొంటే సబ్బు ఇచ్చే కాలం కదా, చిన్న డబ్బా ఫ్రీ అనుకున్నాడు. కిటికీ కమ్మీలకు పనికొస్తుందని దాన్ని అటక మీద పెట్టి, పెద్ద డబ్బా మొత్తం గేటుకు పూశాడు. గేటు వెండిలా మెరిసింది. యమున చూసి నవ్వింది. పెళ్ళయ్యాక లోకనాథ్ చేసిన పనికి ఆమె అట్లా నవ్వడం చాలా అరుదు.

సాయంత్రమైనా రంగు ఆరలేదు. టేబుల్ ఫ్యాను పెడితే గడ్డిపొట్టు ఎగిరి గేటుకు అంటుకుంది. దూడ వీపు రుద్దుకుని వెండి చారలతో తిరిగింది. కొత్త రంగేసిన గేటుకు పూజ చెయ్యకపోతే ఎట్లా అని లోకనాథ్ తల్లి అక్కమ్మ పసుపు కుంకుమ పెట్టి, అగరొత్తులు గుచ్చడానికి ఒక అరటిపండును కమ్మీల మధ్య ఇరికించింది. ఇక లాభం లేదని లోకనాథ్ జయచంద్రకు ఫోన్ చేశాడు.

"చిన్న డబ్బా కలిపినావా లేదా?"

"దాన్ని అటక మీద పెట్నా."

"ఓరి నీ పాసుగూలా! అది కలపకుంటే ఈ జన్మకు ఆరదప్పా!"

యమున ఏడ్చేసింది. "నా సెంటర్ పాయ. అందురికీ సరే అనేదేనా? ఒక్కరికన్నా వద్దని సెప్పడానికి నీకు నోరు రాదా?" అంది.

సోమవారం పొద్దున గేటు నల్లగా మారిపోయింది. అరటిపండు మీదికి ఊళ్ళోని ఈగలన్నీ వచ్చి, దిగినవి దిగినట్టే రంగులో అతుక్కుపోయాయి. గేటును తుడుద్దామని యమున గుడ్డ వెతుకుతుండగానే రాజేంద్ర బండి ఆగింది. ఆయన గేటు పట్టుకున్నాడు. చెయ్యి ఓ పట్టాన రాలేదు. వచ్చాక వెండిగా, ఈగలతో వచ్చింది. అక్కమ్మ కొబ్బరినూనె సీసాతో పరుగెత్తింది.

"ఎవరు చేశారమ్మా ఈ పని?" అన్నాడు రాజేంద్ర.

"నాకేం తెలీదప్పా" అన్నాడు శంకరప్ప. "నేను పూజే చేసినా" అంది అక్కమ్మ. లోకనాథ్ దూడ వెనక నిలబడ్డాడు.

రాజేంద్ర లోపలికి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. యమున కొంగు నోట్లో పెట్టుకుని చూస్తోంది. ఆయన బయటికొచ్చి గేటు వైపు, మళ్ళీ కొట్టం వైపు చూశాడు.

"లోపల ఒక్క ఈగ లేదు! ఇన్నేళ్ళుగా తిరుగుతున్నా, ఈగ లేని కొట్టం చూడలేదు. తుప్పు కూడా లేదు. ఇంత మంచి ఆలోచన ఎవరిదమ్మా?"

"నాదేనప్పా" అన్నాడు శంకరప్ప వెంటనే. "ఆ ఇంజనాయిలు ఎవరు పూసినారనుకున్నారు?"

"అరటిపండు నాది" అంది అక్కమ్మ.

ఆ ఇంజనాయిలు సంగతి లోకనాథ్‌కు అప్పుడే తెలిసింది.

"సెంటర్ మీకే ఇస్తున్నా" అన్నాడు రాజేంద్ర, చేతికి కొబ్బరినూనె రుద్దుకుంటూ. యమున ఆనందంతో దూడను కావలించుకుని, తానూ వెండి చారలు పూసుకుంది. "ఒకే షరతు" అన్నాడు రాజేంద్ర. "గేటు ఇట్లాగే ఉండాలి. మా మిగతా సెంటర్లకూ ఇదే రంగు వేయిద్దాం. ఎట్లా చేశారో అక్కడివాళ్ళకు మీరే చూపించాలి."

"సరే" అన్నాడు లోకనాథ్.

యమున ఇప్పుడు పాలు ఇంటి దగ్గరే పోసుకుంటోంది. గేటుకు తుప్పు రాలేదు, రంగు మాత్రం ఇంకా ఆరలేదు.