కోదాడ కచేరి

ఆ ఆదివారం పొద్దున ఐలమ్మ పెట్టుకున్న పని ఒక్కటే, కోడిని కోయించడం. సూర్యాపేటలో ఉండే కొడుకు ఉపేందర్ మధ్యాహ్నం భోజనానికి వస్తానన్నాడు. పుంజును గంప కింద మూసిపెట్టింది. మసాలా నూరడం అయిపోయింది. పెన్‌పహాడ్‌లోని ఆ వాకిట్లో పుంజు తప్ప అందరూ హుషారుగానే ఉన్నారు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"అమ్మా, నేనియ్యాల వస్తలేను." ఉపేందర్ గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"ఏమైంది బిడ్డా? గంత మెల్లగ మాట్లాడుతున్నవ్?"

"నీ కోడలు పక్క రూములనే ఉన్నది. కోదాడల కచేరి ఉన్నదే అమ్మా. నేను పోకుంటె నడువది. సునీతకు మాత్రం చెప్పకు. గాడికి పోయినంక ఫోన్ బంద్ పెట్టాలె. పరేషాన్ గాకు."

ఫోన్ ఆగిపోయింది. ఇన్ని మాటలు గుసగుసగా చెప్పి, చివర్లో పరేషాన్ కావద్దంటే, కాకుండా ఉండే తల్లి ఎక్కడైనా ఉంటుందా?

ఉపేందర్‌ది సూర్యాపేటలో కళ్లద్దాల దుకాణం. పోయినేడు ఒకసారి వానకు తడవకుండా ఒక హాల్లో దూరాడు. లోపల ఎవరో వేణువు వాయిస్తున్నారు. వాన వెలిసింది కానీ ఉపేందర్ బయటికి రాలేదు. ఆనాటి నుంచి సూర్యాపేటలో హరికథ అన్నా, మిర్యాలగూడలో గజళ్లన్నా, కోదాడలో వయొలిన్ అన్నా ఆదివారం అతను అక్కడే ఉంటాడు. కచేరి అంటే అతనికి అదీ. ఐలమ్మ ఎరిగిన కచేరి వేరు. ఆమె పుట్టి పెరిగిన ఊళ్లో కచేరి అంటే పోలీసులు కూర్చునే చోటు. అక్కడికి మనిషి తనంతట తాను పోడు, తీసుకుపోతారు.

ఐలమ్మ గోడ అవతల ఉండే తమ్ముణ్ని కేకేసింది. "ఓ బీరప్పా! ఉపేందర్‌ను కోదాడ కచేరికి పిలిచిండ్రంటరా!"

గొర్రెల దొడ్డికి కంచె కట్టుకుంటున్న బీరప్ప చేతిలోని ముళ్లకంప కింద పడింది. కాసేపు నేల చూసి, ఆకాశం చూసి, చివరికి అక్క మొహం చూశాడు.

"అక్కా, నువ్వు కొట్టనంటె ఒక మాట చెప్త."

"కొట్టనని ముందుగాల ఎట్ల చెప్త? మాట చెప్పు, సూద్దాం."

నెల కిందట బీరప్ప గొర్రెలు భద్రు పల్లి చేనులో పడ్డాయి. భద్రుది పక్క తండా. సగం రోజు చేను చూసుకుంటాడు, సగం రోజు ఆటో నడుపుతాడు. ఆ రోజు కట్టె పట్టుకుని పరుగెత్తుకొచ్చి ఎవరి గొర్రెలివని అడిగాడు. ఆ కట్టె లావు చూశాక బీరప్ప నోటికి నిజం రాలేదు.

"నావి గావన్న. మా అల్లుడు ఉపేందర్ కొన్నడు, నేను ఉత్తగ కాస్తున్న అన్న. అయితే ఆయన్నే కచేరికెక్కిస్త అన్నడు భద్రు. కోపంల అంటుండనుకున్న అక్కా..."

ఉపేందర్‌కు గొర్రెకూ మేకకూ తేడా చెప్పాలంటే కూడా కళ్లద్దాలు కావాలి. అలాంటి కొడుకు మీద గొర్రెల కేసు! ఐలమ్మ చీపురందుకుంది. రెండు దెబ్బలయ్యాక ఇది కొట్టుకునే వేళ కాదని ఆమెకే అనిపించింది.

"ఇగ నడువు. భద్రు కాళ్లన్న పట్టుకొని కేసు వాపస్ తీసుకొమ్మందాం."

"గొర్లు నావని మాత్రం చెప్పకు అక్కా. ఆ కట్టె ఇంక వాళ్లింట్లనే ఉన్నది."

భద్రు ఇంటి ముందు ఆటో తుడుచుకుంటున్నాడు. సంగతి విని నోరు తెరిచాడు.

"కేసా? నేనేం పెట్టలే అవ్వా. నా కోపం ఆ పొద్దుమూకినంకనే ఖతం అయింది."

"పెట్టకుంటె నా కొడుకును కచేరికి ఎట్ల పిలుస్తరయ్యా?"

భద్రు ఆలోచనలో పడ్డాడు. తన కోపం చల్లారింది కానీ భార్య పుష్పాబాయి కోపం చల్లారలేదు. ఆమె మొన్ననే కోదాడ వైపు మోతెలోని పుట్టింటికి పోతూ, ఆ గొర్రెల ఆయన సంగతి చూస్తానని కూడా అంది. ఫోన్ చేస్తే కలవలేదు.

"మా ఆమె పెట్టిందేమో అవ్వా," అన్నాడు గొంతు తగ్గించి. "ఆమె పెట్టింది వాపస్ తీసుకునుడు నాతోని అయ్యే పని గాదు. అయినా నడువుండ్రి, నేనొచ్చి సారును బతిమిలాడుత."

అలా, ముద్దాయిని విడిపించే బలగం ఫిర్యాదుదారు ఆటోలోనే బయల్దేరింది.

సూర్యాపేట దాటి హైవే ఎక్కాక భద్రు మంచితనం మరీ ఎక్కువైంది. "నీ కొడుకు అమాయకుడవ్వా. గొర్లు కొనుక్కున్నడు, పాపం, కాసేటోడు మంచోడు దొరకలే," అన్నాడు. బీరప్పకు ఉన్నట్టుండి దగ్గు పట్టుకుంది. ఐలమ్మ తమ్ముడి తొడ మీద గిచ్చింది. దగ్గు ఇంకా ఎక్కువైంది.

మునగాల దగ్గర ఐలమ్మ ఇక ఆగలేకపోయింది. చెప్పొద్దన్నాడు సరే, కట్టుకున్నదానికి తెలియకుండా ఎన్నాళ్లు దాస్తారు? కోడలికి ఫోన్ చేసింది.

"సునీతా, యాడున్నవ్ బిడ్డా?"

"నేనా... నేను... మిర్యాలగూడల, మా అక్కోళ్లింట్ల ఉన్న అత్తమ్మా." సునీత కూడా గుసగుసలాడుతోంది. వెనక ఎవరో సన్నగా, సాగదీసి, ఆగి ఆగి ఏడుస్తున్నారు.

"ఆ ఏడుపెవలిదమ్మా?"

"ఏడుపా? అది... అక్క బిడ్డ అత్తమ్మా. జెరమొచ్చింది."

"మరి ఉపేందర్ యాడికి పోయిండు?"

"నడిగూడెంల కండ్ల క్యాంపున్నదని పొద్దుగాలనే పోయిండు. ఇగ ఉంటనత్తమ్మా, ఫోన్ బంద్ పెట్టమంటున్నరు." పెట్టేసింది.

ఐలమ్మకు అంతా అర్థమైపోయింది. కొడుకు భార్యకు కండ్ల క్యాంపని అబద్ధం చెప్పాడు. కోడలికి నిజం తెలిసిపోయింది కానీ, అత్తకు చెప్పలేక పుట్టింటివాళ్ల దగ్గర చేరింది. అక్కడందరూ కూర్చుని ఏడుస్తున్నారు. లేకపోతే జ్వరమొచ్చిన పిల్ల అట్లా సాగదీసి ఏడుస్తుందా?

"జర తొందరగ తోలు భద్రూ!" అంది. భద్రు తోలాడు. కోదాడ వచ్చేదాకా బ్రేకు మీద కాలు పెట్టలేదు.

బస్టాండు దగ్గర టీ కొట్టతన్ని అడిగింది. "అయ్యా, గీడ కచేరి యాడ?"

"కచేరీయా పిన్నిగారూ? అదిగో, ఆ ఫంక్షన్ హాల్లో. పొద్దున్నుంచీ జనం ఒకటే వెళ్తున్నారు."

"ఫంక్షన్ హాల్లనా? అంత మందినా?"

"మరి బెజవాడ నించి పెద్దోళ్లొచ్చారు కదండీ. ఇద్దరు. వాయిస్తున్నారు."

ఐలమ్మ ఆటో రాడ్డు పట్టుకుంది. "వా... వాయిస్తుండ్రా?"

"ఆహా, ఏం వాయించడమనుకున్నారు! ఒకాయన సన్నగా మొదలెడతాడు. రెండో ఆయనున్నాడు చూశారూ, రెండు చేతుల్తో అందుకుంటాడు. ఆయన వాయించడం మొదలెడితే మధ్యలో ఆపమనే మొనగాడు లేడు."

"సూసేటోళ్లు ఊకుంటరా అయ్యా?" అన్నాడు బీరప్ప.

"ఊరుకోవడమేంటి? ఇంకా కావాలని అడుగుతారు. చివర్లో ఇద్దరికీ శాలువాలు కప్పుతారు. టీ తాగుతారా?"

ముగ్గురూ టీ తాగే స్థితిలో లేరు.

హాల్లో అడుగుపెట్టిన ఐలమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. వరుసలు వరుసలుగా జనం. ఒక్కరూ కిక్కురుమనడం లేదు. కొందరు తల పట్టుకుని కూర్చున్నారు, కొందరు అయ్యో పాపమన్నట్టు తలలూపుతున్నారు. వేదిక మీద ఇద్దరు పెద్దమనుషులు. ఒకాయన చేతిలో సన్నని కట్టె. ముందు వరుసలో ఉపేందర్! కళ్లు మూసుకున్నాడు, చెంపల మీద కన్నీళ్లు కారుతున్నాయి. వాయించడం అయిపోయినట్టుంది.

అక్క మొహం చూసిన బీరప్పకు కట్టె భయం, భద్రు భయం, అన్నీ ఒక్కసారే పోయాయి. నడుమ దారిలో వేదిక దాకా ఉరికాడు.

"సారూ! ఆపుండ్రి సారూ! గొర్లు నావి! పల్లి చేను మేసినయి నా గొర్లే! మా అల్లుని మీద అబద్ధమాడిన. వాయిస్తె నన్ను వాయించుండ్రి, ఆ పిల్లగాన్ని ఇడిచిపెట్టుండ్రి!"

మళ్లీ వయొలిన్ మీదికి లేచిన ఆ సన్నని కట్టె, కమాను, గాల్లోనే ఆగింది. ఇది కూడా కార్యక్రమంలో భాగమనుకుని వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. ఉపేందర్ కళ్లు తెరిచాడు. ఎదురుగా మామ, వెనక అమ్మ, ఆ వెనక ఎవరో ఆటో ఆయన.

"మామా! నువ్వేంది గీడ?"

"గొర్లు నీవా?" అన్నాడు భద్రు, బీరప్ప భుజం పట్టుకుని. "దారి పొడుగున దగ్గింది గందుకేనా?"

ఐలమ్మకు ఇవేవీ వినపడలేదు. ఆమె చూపు మూడు వరుసల వెనక ఆగిపోయింది. అక్కడ ఒక ఆడమనిషి చీర కొంగును మొహం మీదికి లాక్కుంటోంది. ఆ చీర ఐలమ్మ కొనిపెట్టిందే.

"ఓయవ్వో! నా కోడలును గూడ పట్టుకొచ్చిండ్రే!"

ఉపేందర్ వెనక్కి తిరిగాడు. సునీత కొంగు తీసింది. హాలంతా ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసింది.

"నువ్వు మిర్యాలగూడల లేవా?" అన్నాడు ఉపేందర్.

"ఇది నడిగూడెమా?" అంది సునీత.

నిర్వాహకురాలు తారా టీచర్ పరుగున వచ్చింది. కన్నీళ్లు కారుతున్నది దెబ్బలకు కాదనీ, రాగం బాగుండటం వల్ల అనీ ఐలమ్మకు నచ్చజెప్పడానికి ఆమెకు కొంచెం సమయం పట్టింది. "మంచిగుంటె ఎవలన్న ఏడుస్తరా?" అని ఐలమ్మ అడిగితే, తారా టీచర్ ఆమెను తన పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. ఈలోగా వయొలిన్ విద్వాంసుడు మైకు దగ్గరికి వంగాడు.

"పెద్దాయనా, మీ కేసు విన్నాను. తీర్పు తర్వాత చెప్తా. ముందు ఈ రాగం పూర్తి చేసుకోనివ్వండి. కూర్చోండి."

న్యాయమూర్తి కూర్చోమన్నాక నిలబడే ధైర్యం బీరప్పకు లేదు. కూర్చున్నాడు. ఆయన మెడ మీద చెయ్యి తీయకుండా భద్రు కూడా పక్కనే కూర్చున్నాడు.

వయొలిన్ మళ్లీ మొదలైంది. ఫోన్లో విన్న ఏడుపు ఇదేనని ఐలమ్మ కనిపెట్టింది. కానీ దగ్గర నుంచి వింటే ఏడుపులా లేదు. తల్లి నుంచి తప్పిపోయిన గొర్రెపిల్ల పొద్దుగూకే వేళ అరిచినట్టుంది, అంతలోనే తల్లి దొరికినట్టుంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఒత్తుకున్నాక, తారా టీచర్ చూసిందేమోనని పక్కకు చూసింది. ఆ తర్వాత మృదంగం వంతు వచ్చింది. వాయించే ఆయన చేతులు కనిపించడం మానేశాయి. భద్రు చెయ్యి మెల్లగా బీరప్ప మెడ వదిలి తన తొడ మీద పడింది, అక్కడ తాళం వేయసాగింది. బీరప్ప పట్టలేక "అద్దీ!" అని అరిచాడు. ఈసారి ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. అప్పటికే హాల్లో సగం మంది అదే అరుపు అరుస్తున్నారు.

కార్యక్రమం అయిపోయాక వయొలిన్ విద్వాంసుడు మాట నిలబెట్టుకున్నాడు. వచ్చే పంటకు భద్రు చేను చుట్టూ కంచె బీరప్ప కట్టాలని తీర్పు చెప్పాడు. పుష్పాబాయి ఏ కేసూ పెట్టలేదని అప్పుడే ఫోన్‌లో తెలిసింది. గొర్రెలెవరివో తెలిశాక మాత్రం పెట్టాలనుకుంటున్నట్టు కూడా తెలిసింది. కంచెకు ముళ్లకంపలు ఎవరు తేవాలనే దానిపై వాదించుకుంటూ భద్రు, బీరప్ప ఆటోలో వెళ్లిపోయారు.

ఐలమ్మ కొడుకూ కోడలితో బస్టాండుకు నడిచింది.

"నీకు సంగీతం పడదనుకున్న," అన్నాడు ఉపేందర్ సునీతతో. "రేడియో పెడితె తలనొప్పని బంద్ చేస్తవు గద."

"రేడియో గరగరమంటది, గందుకు బంద్ చేసిన. నువ్వేమో పెండ్లైన కొత్తల, పాటలకు పోయేటోళ్లు పనిలేనోళ్లని అన్నవ్."

"అప్పుడు అన్న. ఇప్పుడు... మిర్యాలగూడల మొన్న గజళ్లకు గూడ పోయిన."

సునీత ఆగిపోయింది. "ఎన్నో వరుసల కూసున్నవ్?"

"రెండో వరుస. ఎందుకు?"

"నా ముంగట ఒకాయన ఆపకుంట తలకాయ ఊపి, పాడేటామె మొహం ఒక్కసారన్న కనవడనియ్యలే. రెండు గంటలు తిట్టుకుంట కూసున్న. నువ్వేనా అది?"

ఉపేందర్ ఊపబోయిన తలను ఆపుకున్నాడు. మిర్యాలగూడ గజళ్లే కాదు, సూర్యాపేట హరికథ కూడా ఇద్దరూ ఒకే పందిట్లో, ఒకరికి తెలియకుండా ఒకరు విన్నారని బస్సు వచ్చేలోపు తేలింది. సునీత ఆ రోజు అక్కకు జ్వరమంది. ఉపేందర్ కళ్లద్దాల లోడొచ్చిందన్నాడు.

"ఎంత కష్టపడ్డరు బిడ్డా," అంది ఐలమ్మ. "ఇద్దరు కలిసి పోతె అయిపోతుండె గద."

ఆ ఆలోచన అప్పటిదాకా ఇద్దరికీ రాలేదు. వచ్చే ఆదివారం సూర్యాపేటలో ఏదో వీణ కార్యక్రమం ఉందని ఉపేందర్ గొణిగాడు. తనకు తెలుసని సునీత అంది. బస్సులో ఇద్దరూ మొదటిసారిగా ఒకే కచేరి నుంచి ఒకే సీట్లో కూర్చుని ఇంటికి బయల్దేరారు. టికెట్లు మాత్రం ఎవరివి వారే తీసుకున్నారు.