ముట్టుకోని మంచు

ఆ ఆదివారం పొద్దున గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం నాలుగింటికి వదినగారు, అంటే భార్య అక్కగారు, వచ్చేలోగా, హాలు గోడ మీది చెమ్మ మరక కనపడకుండా ఒక మంచుకొండ బొమ్మ తగిలించాలి. ఆ బొమ్మ తనే వెయ్యాలి. అంతకుముందు ఆయన బ్రష్షు పట్టింది పళ్ళు తోముకోవడానికి మాత్రమే.

మరక సంగతి కాస్త చెప్పాలి. ఆరేళ్ళ కిందట ఈ ఇల్లు కొనేటప్పుడు, "ఆ గోడవతల స్నానాలగది ఉందే, చెమ్మ కొట్టి తీరుతుంది, కొనకు" అని అక్కగారు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. చెల్లెలు వినలేదు. మొదటి ఏడాదే లేత నీలం గోడ మీద బూడిదరంగు చారలు దిగాయి, వాటి మీద తెల్లగా ఉప్పు పూసింది. అయినా ఇల్లాలు ఫోన్లో "గోడ నిక్షేపంలా ఉందక్కా" అంటూనే వచ్చింది. అక్క వస్తానన్నప్పుడల్లా ఏదో వంక చెప్పి తనే అక్కింటికి వెళ్ళేది. అక్క హాల్లో గోడంత బీరువా చూసి, కాస్త కుళ్ళుకుని తిరిగొచ్చేది. ఈసారి వంకలన్నీ అయిపోయాయి. అక్క ఆ మరక చూసిందంటే ఆరేళ్ళ పరువు ఒక్క నిమిషంలో పోతుంది.

"బజార్లో ఓ బొమ్మ కొనుక్కొస్తే పోయేది కదండీ?" అంది ఇల్లాలు.

"మరక కొలతకి బజార్లో బొమ్మలు దొరకవోయ్. నేను చూసుకుంటాగా!"

మరకను అంగుళాలతో సహా కొలిచి ఆయన ఫ్రేము కూడా చేయించాడు. ఫ్రేములాయన పొద్దున్నే వచ్చి, ఉత్త ఫ్రేమును సరిగ్గా మరక మీద మేకుకి తగిలించి, "బొమ్మ అయ్యాక పిలవండి సార్, అద్దం బిగిస్తా" అని వెళ్ళిపోయాడు.

గుమాస్తా ఉద్యోగం దరఖాస్తులు సరిచూడడం. ముప్ఫై ఏళ్ళుగా ఒక్క గడి ఖాళీగా కనిపించినా ఆ దరఖాస్తును వెనక్కి పంపేస్తున్నాడు. రాయడానికేమీ లేకపోతే 'వర్తించదు' అనైనా రాయాల్సిందే. అలాంటి మనిషికి ఫోన్లో పాఠం చెప్పే టీచరమ్మ మొదటి మాటే ఇలా అంది: "నీటిరంగుల్లో మంచుని వెయ్యకూడదు. తెల్ల కాగితాన్ని అలాగే వదిలెయ్యండి. చుట్టూ ఆకాశం, చెట్లు, నీడలు వేస్తే మంచు దానంతటదే వస్తుంది."

"దానంతటదే ఎలా వస్తుంది? సోమరిపోతు పాఠం!" అన్నాడు గుమాస్తా. కట్టలో ఉన్నవి మూడే కాగితాలు. మొదటిదాని నిండా తెల్లరంగు పులిమాడు. అది పక్కనున్న నీలంతో, నలుపుతో కలిసి బురదయింది.

"సిమెంటు కలుపుతున్నారా?" అంది ఇల్లాలు అటుగా పోతూ.

రెండో కాగితానికి టీచరమ్మ ఇంకో చిట్కా చెప్పింది. తడి రంగు మీద ఉప్పు చల్లితే, ఉప్పు రంగును పీల్చుకుని మంచు రాలినట్టు తెల్లటి చుక్కలు పడతాయట. గుమాస్తా వంటింట్లోకెళ్ళి చేతికందిన డబ్బాలోంచి గుప్పెడు తీసి చల్లాడు. పావుగంటలో ఆకాశం పాకమయింది. ఇంకో పావుగంటకి కొండ మీదికి చీమలు బారులు తీరాయి.

"అయ్యో రాత! పంచదార చల్లారేమిటండీ!"

"డబ్బా మీద పేరు రాయకపోతే నా తప్పా?" అని ఎదురు దబాయించాడు గుమాస్తా.

మూడో కాగితం దగ్గర ఆయనకి నిజంగానే భయం పుట్టింది. టీచరమ్మ చెప్పింది చెప్పినట్టే చేశాడు. పైన లేత ఆకాశం, దూరంగా నాలుగు చెట్లు, వాటి కింద నీలి నీడలు, మిగతాదంతా ఖాళీ. ఆశ్చర్యం, మంచు వచ్చింది! ఇల్లాలి ప్రాణం లేచొచ్చింది.

"ఎంత బాగుందండీ! మీ కాళ్ళకి దండం పెడతా, ఇంక దాన్ని ముట్టుకోకండి."

పక్కనే పేపరు చదువుతున్న మామగారు కూడా తలెత్తి చూశారు. ఆయన రిటైరైన పోస్టుమాస్టరు. ఏడాదిలో ఆరు నెలలు ఈ కూతురి దగ్గర, ఆరు నెలలు ఆ కూతురి దగ్గర ఉంటారు. "ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు. లేచెళ్ళి పడుకో అల్లుడూ" అన్నారు.

ఇల్లాలు స్నానానికి వెళ్ళింది. గుమాస్తా మాత్రం లేవలేదు. కింద కుడివైపు అరచేయంత జాగా ఖాళీగా ఉండి ఆయన్నే చూస్తోంది. అక్కడో గుడిసె వేశాడు. గుడిసెకి దారి లేకపోతే ఎలా? దారి వేశాడు. దారి మీద మనిషిని, మనిషి పక్కన కుక్కని వేశాడు.

"గేదె బాగా కుదిరింది" అన్నారు మామగారు.

గేదెను చెరిపేద్దామని నీళ్ళు పెట్టి రుద్దాడు. కాగితానికి చిల్లు పడింది. సరిగ్గా అప్పుడే, రెండున్నరకే, గంట మోగింది. ఇల్లాలు తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చి, చిల్లు చూసి, మొగుణ్ణి చూసి, వెళ్ళి తలుపు తీసింది.

"దారి ఖాళీగా ఉందే, అందుకే ముందొచ్చేశా" అంటూ అక్కగారు లోపలికొచ్చి, గోడ మీది ఉత్త ఫ్రేము ముందు ఠక్కున ఆగిపోయింది. "అబ్బ! ఎంత చల్లగా ఉందే ఈ బొమ్మ! ఆ తెల్లటి కొండ, కింద ఆ పొగమంచు... తడితడిగా ఎంత సహజంగా ఉందో! ఎవరు వేశారు?"

ఇల్లాలు మొగుడివైపు వేలు చూపించింది. "ఆ... ఆయనే అక్కా."

"మరిదిగారా! ఎన్నాళ్ళు పట్టిందండీ?"

"ఆరేళ్ళు" అన్నారు మామగారు, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

గుమాస్తా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అంతటితో ఊరుకుంటే కథ కంచికి చేరేదే. కానీ వదినగారు, "సంతకం పెట్టలేదేం? ఆ కింద మూల ఖాళీగా ఉందిగా" అంది. ఖాళీ అన్న మాట చెవిన పడగానే ఆయన చెయ్యి బ్రష్షు మీదికి పోయింది. ఇల్లాలు దగ్గింది. కాలు తొక్కింది. అయినా ఆయన మొదటి అక్షరం నొక్కి రాశాడు. చెమ్మ గోడ జానెడు పెచ్చు ఊడి దభీమని కిందపడింది.

ఇల్లాలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నువ్వు చెప్పిందే నిజమైందక్కా. ఆరేళ్ళుగా నీకు అబద్ధం చెబుతున్నా. ఇంక అనవే, 'నే చెప్పలేదూ' అని అనెయ్."

అక్కగారు అనలేదు. వంగి పెచ్చు తీసుకుని, దాని మీది ఉప్పును పాత పరిచయమున్నట్టు వేళ్ళతో నలిపింది.

"మాది దీనికి రెండింతలుంటుందే" అంది మెల్లగా.

"ఏది?"

"బీరువా వెనక. నీకంత గట్టిగా చెప్పి, ముందు నా గోడకే చెమ్మ కొట్టిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక్కసారే తండ్రివైపు తిరిగారు. "నాన్నా! మీకు రెండూ తెలుసా?"

"తెలియకేం? అక్కడ నా మంచం ఆ బీరువా పక్కనేగా. ఒకరి ఉత్తరం ఇంకొకరికి చదివి వినిపించే అలవాటు నాకు లేదమ్మా."

ముందు చెల్లెలు నవ్వింది, తర్వాత అక్క నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, "మరిదిగారూ, ఆ ఫ్రేములాయన ఆరడుగులది చేస్తాడా?" అంది అక్కగారు.

ఆ పై ఆదివారం వదినగారింట్లో బీరువా వెనక గోడ మీద గుమాస్తా రెండో మంచు దృశ్యం పూర్తి చేశాడు. బ్రష్షులు మాత్రం ఇంట్లోనే వదిలి రావాలని షరతు.