వెండెలమ్మ కూజా మీద కట్టిన పాట

ఆ సోమవారం ఉదయం వెండెలమ్మ తలపెట్టిన పనులు రెండే: పానశాల నేలను ఇసుకతో తోమడం, హెర్రింగు చేపలకు ఉప్పు పట్టించడం. స్టాక్‌హోం రేవు పక్కనున్న ఆ పానశాలను, భర్త పోయిన నాటి నుండి పదకొండేళ్లుగా, ఒకరిచేత మాట పడకుండా ఆమె నడుపుతున్నది. చేపలు కొనబోయేసరికి చేపలమ్మే కార్నా బుట్ట వెనుక కూర్చుని పాడుకుంటున్నది.

"వెండెలమ్మ కూజా నిండా వెండి లాంటి నురుగు,
నురుగు కింద బీరెంతో ఆ దేవుడొకడే యెరుగు!"

"ఎవడే ఇది కట్టింది?"

"ఇంకెవరమ్మా, విగ్గులు కుట్టే ఎలియాసు. కోప్పడకు, పాట మాత్రం భలే కుదిరింది!"

వెండెలమ్మ అక్కడే నిలబడి, తన కూజాలలో కొలత తగ్గదని అరగంటసేపు చాటింది. అంతవరకు రెండు వీధులకే తెలిసిన పాట మధ్యాహ్నానికి రేవంతా పాకింది.

ఎలియాసును నిలదీస్తే, "ప్రాస కోసం అన్నానమ్మా! నురుగుకి ఇంకేం కుదురుతుంది, నువ్వే చెప్పు?" అన్నాడు.

ఆమె పాదిరిగారితో మొరపెట్టుకున్నది. ఆదివారంనాడు ఆయన అపనింద హత్యతో సమానమని గంటసేపు గంభీరంగా ప్రసంగించారు. అయితే పానశాల పాటలకు కొత్త రాగాలు కట్టే ఓపిక ఆ ఊళ్లో ఎవరికీ లేదు. ఎలియాసు కూడా చర్చి కీర్తన రాగాన్నే వాడుకున్నాడు. ప్రసంగం ముగిసి ఆర్గన్ ఆ కీర్తననే ఎత్తుకోగానే బల్లల వరుసలన్నిటా భుజాలు కదిలాయి. "కృప" అని పాడవలసిన చోట పాదిరిగారే "నురుగు" అన్నారు.

ఇక నగర న్యాయస్థానమే శరణ్యమైంది. పాటలోని నింద నిజమని తేలితే పానశాల పట్టా రద్దవుతుందని అక్కడి గుమాస్తా హెచ్చరించినా ఆమె వెనుదీయలేదు. విధవరాలి మంచిపేరు తాగుబోతుల తాళానికి ఆటవస్తువు కారాదని ఆమె నమ్మకం.

పాటతో సహా ఫిర్యాదు చదవమంటే గుమాస్తా తడబడ్డాడు. "అయ్యగారూ, పాడకుండా చదవడం నావల్ల కావడం లేదండీ."

"అయితే పాడు," అన్నారు న్యాయాధికారి.

రెండో పాదానికి ద్వారం దగ్గరి భటుడు గొంతు కలిపాడు. న్యాయాధికారి బూటు బల్ల కింద తాళం వేసింది. "రెండో పాదం సరిగ్గా వినపడలేదు. మళ్లీ కానీ!"

"నవ్వులాపి కొలవండయ్యా!" అని వెండెలమ్మ గర్జించింది.

ఆమె కూజాను, రాజముద్ర వేసిన నగరపు కొలపాత్రను బల్ల మీద పెట్టారు. కూజాలోని బీరును నురుగు తీసి, భటుడు పాత్రలోకి వంచాడు. పాత్ర నిండింది. బీరు అంచు దాటి గుమాస్తా కాగితాల మీదికి పారింది. కూజాలో ఇంకా రెండు గుక్కలు మిగిలాయి. తగరంతో ఆ కూజాలను పోతపోసిన ఆమె తండ్రి చెయ్యి అంత ధారాళమైనది!

వెండెలమ్మ కళ్లు చెమర్చాయి. మరుక్షణం ఆమె నవ్విన నవ్వుకు కిటికీ మీది పావురాలు లేచిపోయాయి.

"తక్కువ పోస్తే నేరం, ఎక్కువ పోస్తే అమాయకత్వం," అని న్యాయాధికారి తీర్పు చెప్పారు. "ఎలియాసు ఆమె గుమ్మంలో నిలబడి, అదే రాగంలో నిజం పాడాలి. ఇకనుంచి అందరికీ ముద్ర వేసిన కొలతే పోయాలి."

ఆ సాయంత్రం ఎలియాసు గొంతెత్తి పాడాడు, రేవంతా చప్పట్లు కొట్టింది, వెండెలమ్మ కొత్త కొలతతో పోసిన మొదటి కూజాను అతడికే అందించింది. దాని అడుగు అనుకున్నదానికన్నా ముందే కనబడేసరికి, న్యాయం కాస్త తక్కువగా జరిగి ఉంటే బాగుండేదని అతడు అభిప్రాయపడ్డాడు.