మగ్గాల మధ్య ఇటలీ పాట

సాయంత్రం కేసరి చేయించాలి, భార్యకు మల్లెపూలు తేవాలి, పాట పాడాలి. పెళ్ళిరోజు ఉదయం నగరి మరమగ్గాల దేవరాజులు వేసుకున్న పథకం ఇంతే. మొదటి రెండూ ఏ మొగుడైనా చేస్తాడు. మూడోది మాత్రం ఇటలీ పాట.

మగ్గాల హోరులో బతికి బతికి ఆయన భార్య చౌడేశ్వరమ్మకు చెవులు మందగించాయి. పెదాలు చూసి అర్థం చేసుకునేది గానీ మొగుడి గొంతు ఆమెను చేరి చాలాకాలమైంది. అలాంటిది, కూతురు హేమశ్రీ ఒకరోజు ఫోనులో ఒపెరా అనే ఇటలీ సంగీత నాటకంలోని పాట పెట్టింది. గాయకుడు చివర్లో గొంతెత్తగానే చౌడేశ్వరమ్మ తల తిప్పి నవ్వింది.

"ఎవురే ఈయన? ఎంత బాగా ఇనపడతా ఉండాడు!"

ఆయన పాడబట్టే ఆ పాట లోకమంతా పాకిందని హేమశ్రీ చెప్పింది. దేవరాజులుకు కడుపు మండింది, కళ్ళూ చెమర్చాయి. ఇన్నేళ్ళ కాపురంలో తను చేరలేని చోటికి ఎవడో పరాయివాడు చేరిపోయాడు. ఆనాటి నుంచి షెడ్డులోనే, మగ్గాల చప్పుడు చాటున సాధన మొదలుపెట్టాడు.

ఆ ఉదయం ఆఖరి స్వరం అందుకోగానే కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. దేవరాజులు ఆగలేదు.

పక్క షెడ్డు మురుగేష్ షాకు కొట్టిందనుకున్నాడు. కట్టె పట్టుకుని పరిగెత్తుకొచ్చి, మగ్గం నుంచి విడిపించడానికి ఆయన వీపు మీద రెండు వేశాడు.

"కరెంటే లేదు గదరా!"

"మరెందుకన్నా అట్ల అరిసినావు?"

అప్పటికే గుమ్మం నిండా జనం. పాట అని చెబితే సాయంత్రం దాకా దాగదు.

"పల్లు నొప్పప్పా," అన్నాడు దేవరాజులు.

అంతే, మురుగేష్ ఆయన్ను బండెక్కించి వీధి చివర పంటి డాక్టరు సుకుమార్ కుర్చీలో కూర్చోబెట్టేశాడు. వెనకే జనం. ఏ పన్నని డాక్టరు అడిగాడు. ఏది పోయినా పర్వాలేదో దేవరాజులు నాలుకతో తడిమి చూసుకుంటూ ఉండగానే పటకారు బయటికొచ్చింది.

అప్పుడే చౌడేశ్వరమ్మ ఏడుస్తూ వచ్చి పడింది.

"ఏమైందయ్యా? నువ్వు అరిసింది ఇంట్లోకి ఇనపడింది! నా గుండె జారిపోయినాది!"

దేవరాజులు పటకారును పక్కకు నెట్టేశాడు.

"నీకు ఇనపడిందా?"

"ఆఁ?"

ఆయన గొంతు మానేసి, మగ్గాల దగ్గర మాట్లాడుకునే పద్ధతిలో పెదాలు మాత్రం కదిపాడు. నొప్పి కాదు, పాట, నీకోసరమే నేర్చుకున్నా అని. గుట్టుగా చెప్పాననే అనుకున్నాడు పాపం. గుమ్మంలో ఉన్నవాళ్ళంతా నేతవాళ్ళే. వీధి వీధంతా చదివేసింది. మురుగేష్ కట్టెను మెల్లగా వెనక్కి దాచుకున్నాడు.

చౌడేశ్వరమ్మ మొహం సిగ్గుతో కందిపోయింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని మొగుడి భుజం మీద ఒకటి వేసింది.

"నన్ను సంపేస్తివి గదయ్యా! ఏదీ, ఇంకొక తూరి పాడు. దగ్గరుండి ఇంటా."

దేవరాజులు కుర్చీలోనే నోరంతా తెరిచి ఆఖరి స్వరం ఎత్తుకున్నాడు. శ్రుతి ఎటో పోయింది. చౌడేశ్వరమ్మ మాత్రం ఆయన చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని వింది. పెదాలు చూడాల్సిన అవసరం ఆమెకు రాలేదు.

ఆ కేక వినగానే బయట వరసలో కూర్చున్న రోగులందరికీ పంటినొప్పి తగ్గిపోయింది.